గోధుమ తగలని పలారం

తెలుగింటి పొద్దుటి పలారాల్లో చాలావాటికి గోధుమతో పనే లేదు. ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, దిబ్బరొట్టె, ఉప్పుడు పిండి, కట్టె పొంగలి, అటుకుల పులిహోర, రాయలసీమ ఉగ్గాని, తెలంగాణ సర్వపిండి, జొన్నరొట్టె, రాగిజావ... అన్నీ బియ్యం, పప్పులు, చిరుధాన్యాల మీద నడిచేవే. అయినా గ్లూటెన్ పడని చుట్టం వస్తున్నారనగానే వంటింట్లో కంగారు మొదలవుతుంది. ఆ కంగారుకు మూలం మర్యాద. చుట్టం ముందు రోజూ తినే ఇడ్లీ పెట్టడానికి చెయ్యి రాదు. పూరీ, బంగాళాదుంప కూర ఉండాలి. జీడిపప్పు దండిగా వేసిన ఉప్మా, మైసూర్ బజ్జీ, చివర్లో సేమ్యా పాయసం కూడా ఉంటేనే తృప్తి. ప్రత్యేకం అనిపించుకున్న ఈ నాలుగింట్లోనూ గోధుమే ఉంది: పూరీలో పిండిగా, ఉప్మాలో రవ్వగా, బజ్జీలో మైదాగా, పాయసంలో సేమ్యాగా. రోజువారీ పలారం క్షేమం, గౌరవం కోసం చేసేదే చేటు. గ్లూటెన్ పడని అతిథికి వండడంలో అసలు మెలిక ఇక్కడే ఉంది.

బహ్రెయిన్‌లో ఉండే తెలుగువాళ్లకు ఈ మెలిక ఇంకాస్త బిగుసుకుంటుంది. మూడు లక్షలకు పైగా భారతీయులున్న ఈ చిన్న దీవిలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. గురువారం సాయంత్రం అయ్యిందంటే సౌదీలోని ఖోబర్, దమ్మామ్‌ల నుంచి బంధువులు, స్నేహితులు 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన దాటి వచ్చేస్తారు. 1986లో ఆ వంతెన తెరిచాక రాకపోకలకు కారుంటే చాలు. వచ్చినవాళ్లకు శుక్రవారం పొద్దుటి పలారమే అసలు విందు. మనామాలోని గుదైబియా, హూరా లాంటి పేటల ఫ్లాట్లలో వంటిళ్లు ఇరుకు. ఒకే పొయ్యి మీద ఇద్దరు ముగ్గురు వంతులవారీగా వండుకునే చోట్లూ ఉన్నాయి. ఒకరి దోసె పెనం ఇంకొకరికి చపాతీ పెనం. బయట చూస్తే అంతా గోధుమ రాజ్యం. ప్రభుత్వం పిండికి సబ్సిడీ ఇస్తుంది, పేటపేటకూ ఖుబ్జ్ అనే రొట్టె కాల్చే బట్టీ ఉంటుంది, తెల్లవారుజామునే దాని ముందు మనుషులు నిలబడి ఉంటారు.

పడకపోవడంలో రకాలు

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ఒక తరహా ప్రొటీన్ల జిగురే గ్లూటెన్. నీళ్లు పోసి పిసికిన గోధుమపిండి సాగేది, చపాతీ చిరక్కుండా పలచగా వచ్చేది దాని బలంతోనే. అది పడనివాళ్లందరి బాధా ఒకటి కాదు. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు గ్లూటెన్ తింటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే తిరగబడుతుంది. ఆహారసారాన్ని పీల్చుకునే సన్నటి పోగులు అరిగిపోతాయి. విరేచనాలు, రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం దాని ఫలితాలు. పైకి ఏ బాధా తెలియకుండానే లోపల పేగు దెబ్బతినే వాళ్లూ ఉన్నారు. గోధుమ ఎలర్జీ వేరే సంగతి: తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం. మూడో రకంవాళ్లకు ఏ పరీక్షలోనూ ఏదీ తేలదు, గోధుమ తింటే మాత్రం కడుపు ఉబ్బుతుంది, తల బరువెక్కుతుంది.

సీలియాక్ లక్షణాలను లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1888లోనే వర్ణించారు. తిండిని సరిచేస్తేనే నయమవుతుందనీ అన్నారు, కానీ ఏ తిండో ఆయనకు తెలియలేదు. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో పిల్లల వైద్యుడు విలెమ్ డికెకు రొట్టె మీద అనుమానం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరక్క ఊరంతా అల్లాడుతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే మళ్లీ పడకేశారు. ఆ అనుభవాన్ని, ఆ తర్వాతి పరిశీలనలను కలిపి డికె 1950లో సిద్ధాంత గ్రంథంగా సమర్పించారు.

ఇదంతా ఉత్తరాదివాళ్ల జబ్బని తెలుగువాళ్లలో ఒక మాట ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం పెద్దవాళ్లలో సీలియాక్ ఉత్తర భారతంలో 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం. జబ్బుకు వీలిచ్చే జన్యువులు మూడు చోట్లా దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాయి, తినే గోధుమ మోతాదులోనే పెద్ద తేడా. అంటే దక్షిణాదిలోనూ వెయ్యిమందికి ఒకరున్నారు. పైగా బహ్రెయిన్‌లో తెలుగింటి చుట్టం తెలుగువారే అయ్యుండాలని లేదు. ఆఫీసులో పక్క సీటు హర్యానా స్నేహితుడు కావచ్చు, కింది ఫ్లాట్ బహ్రెయినీ కుటుంబం కావచ్చు.

మూడో రకం విషయంలో వంటమనిషికి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. సీలియాక్ లేకుండానే గ్లూటెన్ మానేసినవాళ్ల మీద నార్వేలో ఒక ప్రయోగం చేశారు. 2018లో వచ్చిన దాని ఫలితాల్లో గ్లూటెన్ కంటే గోధుమలోనే ఉండే ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం ఎక్కువ బాధ పెట్టినట్టు కనిపించింది. ఆ ఫ్రక్టాన్ ఉల్లిలో, వెల్లుల్లిలో దండిగా ఉంటుంది. అలాంటి అతిథికి గోధుమ లేదు కదా అని ఉల్లిపాయ పెసరట్టు, వెల్లుల్లి కారం పెడితే రాత్రంతా పొట్ట పట్టుకు కూర్చుంటారు.

అందుకే వంట కంటే ముందు ఒక ఫోను. "వదినా, డాక్టరుగారు పరీక్ష చేసి చెప్పారా, మీరే మానేశారా? చిటికెడు తగిలినా ఇబ్బందేనా? ఉల్లి, వెల్లుల్లి, పాలు పడతాయా?" ఇంత అడిగితే చాలు, మెనూ సగం తేలిపోతుంది. అడగడానికి మొహమాటపడి, తీరా విస్తరి ముందు "ఒక్క పూరీకి ఏమవుతుందమ్మా" అని బలవంతపెట్టడం మనకు మామూలే. అనుమానమే తప్ప పరీక్ష చేయించుకోలేదని అతిథి అంటే ఒక్క మాట చెవిన వేయవచ్చు. సీలియాక్ రక్తపరీక్షకు వెళ్లేదాకా గోధుమ తింటూ ఉండాలి, ముందే మానేస్తే పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు.

ఇంగువ, జల్లెడ, పెనం

సీలియాక్ ఉన్నవాళ్లకు ఎంత తగిలితే చేటు? గ్లూటెన్ లేనిదని చెప్పుకునే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం. భారత నిబంధనా అదే. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తీసుకున్నవాళ్ల పేగు దెబ్బతిన్నట్టు 2007లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఆ 50 మిల్లీగ్రాములు పావు చెంచా గోధుమపిండిలో ఉంటాయి. చపాతీపిండి జల్లించి దులిపి పెట్టిన జల్లెడ అంచున మిగిలేది దాదాపు అంతే.

తెలుగు వంటింట్లో గోధుమ ఎవరికీ తెలియకుండా దూరే దారి ఇంగువ. ఇరాన్, అఫ్గానిస్తాన్ కొండల్లో పెరిగే మొక్క వేరు నుంచి కారే పాలు గడ్డకడితే అసలు ఇంగువ. అది భరించలేనంత ఘాటు, పైగా ఖరీదు. అందుకని డబ్బాల్లో అమ్మే పొడిలో తుమ్మబంక, పిండి కలుపుతారు. ఆ పిండి ఎక్కువగా గోధుమపిండో మైదానో, కొన్నిటిలో మాత్రం బియ్యప్పిండి. సాంబారులో వేసే చిటికెడులో గ్లూటెన్ లెక్కకు కొద్దే. కానీ తెలుగు పలారంలో ఇంగువ ఒక్కచోట ఆగదు. సాంబారులో, చట్నీ తాలింపులో, కారప్పొడిలో, అప్పడంలో, ఊరి నుంచి తెచ్చుకున్న ఇంగువ ఆవకాయలో కూడా అదే. ఇడ్లీ నిక్షేపంగా ఉంటుంది, దాని పక్కనున్నవే కొంప ముంచుతాయి.

దీనికి బహ్రెయిన్‌లో మంచి విరుగుడే దొరుకుతుంది. గల్ఫ్‌లో మూలికలు అమ్మే అత్తారు దుకాణాల్లో హిల్తీత్ అంటే ఇచ్చేది ఇంగువ జిగురే, అరబ్బులకు అది మందు. పిండి కలపని ముద్దేనా అని గట్టిగా అడిగి తెచ్చుకుని, పెసరగింజంత ముక్కను వేణ్నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పులుసులో పోస్తే చాలు, ఇల్లంతా గుప్పుమంటుంది. లేదంటే బియ్యప్పిండి కలిపిన డబ్బా వెతుక్కోవాలి. రెండూ కుదరకపోతే ఇంగువ మానేసి వెల్లుల్లి తాలింపు పెట్టుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి పడని అతిథికి మాత్రం ఆ లోటు తీర్చేది ఇంగువే, కాబట్టి అక్కడ గోధుమ లేని ఇంగువ కోసం తిరిగిన తిరుగుడు వృథా పోదు.

ఇక సామాన్లు. జల్లెడ, చపాతీ పీట, అప్పడాల కర్ర గ్లూటెన్ పడని వంటకు వాడకూడదు. చెక్క సందుల్లో, జాలి కన్నాల్లో ఇరుక్కున్న పిండి కడిగినా పూర్తిగా పోదు. స్టీలు గిన్నెలు, ఇడ్లీ పాత్ర, మిక్సీ జారు సబ్బుతో బాగా తోమితే సరిపోతుంది. ఏళ్ల తరబడి చపాతీలు కాల్చిన ఇనప పెనం మీద అట్టు పోయడం కంటే ఒక కొత్త పెనం కొని అట్లకే ఉంచడం నయం. పూరీలు వేగిన నూనెలో గారెలు వేస్తే గారెల్లో మినుములే ఉన్నా ప్రయోజనం లేదు. ఆ పూట ఇంట్లో మిగతావాళ్లకు చపాతీ చేయాలనుకుంటే ముందు అతిథి వంట ముగించి, మూతపెట్టి, ఆ తర్వాతే పిండి డబ్బా తెరవాలి. చిన్న వంటింట్లో లేచిన పిండిదుమ్ము కాసేపటికి పొయ్యి మీదున్న గిన్నెల్లోనే పడుతుంది. ఇన్ని జాగ్రత్తల కంటే ఆ పూటకు ఇంటిల్లిపాదీ అతిథి తినేదే తినడం తేలిక. వేరే కంచం, వేరే గిన్నె అని అతిథిని పక్కన కూర్చోబెట్టే పనీ ఉండదు.

డబ్బా వెనక రాత

రవ్వ అన్న పేరు చూసి మోసపోవడం మామూలు. ఇడ్లీ రవ్వ బియ్యం. బొంబాయి రవ్వ, బన్సీ రవ్వ, సూజీ, సెమోలినా అన్నీ గోధుమే. అరబిక్ చీటీ మీద సమీద్ అని ఉన్నా అదే. ఖమ్హ్ అంటే గోధుమ, షయీర్ అంటే బార్లీ. "ఖాలీ మిన్ అల్ గ్లూటెన్" అని ఉంటే గ్లూటెన్ లేనిదని అర్థం. భారత్ నుంచి వచ్చిన ప్యాకెట్ల మీద అరబిక్ చీటీని ఒక్కోసారి పదార్థాల జాబితా మీదే అతికిస్తారు, అప్పుడు మెల్లగా గోటితో లేపి చూడాల్సిందే.

మనామా సూక్‌లోనూ, కిరాణా దుకాణాల్లోనూ విడిగా తూకం వేసి ఇచ్చే జొన్నపిండి, రాగిపిండి, శనగపిండి సీలియాక్ ఉన్నవాళ్లకు పనికిరావు. గోధుమ ఆడిన మరలోనే అవీ ఆడి ఉంటాయి, గోధుమపిండిలో ముంచిన చెంచాతోనే తీస్తారు. గింజలు కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లో మిక్సీలో ఆడించుకోవడం పని ఎక్కువైనా నిశ్చింత. ఓట్స్‌లో సహజంగా గ్లూటెన్ లేదు, అయితే పొలం నుంచి మర దాకా గోధుమతో కలిసిపోతాయి కాబట్టి గ్లూటెన్ లేనివని ముద్ర ఉన్నవే కొనాలి. అవి కూడా కొద్దిమంది సీలియాక్ రోగులకు పడవు. జ్వరపడి లేచినవాళ్లకిచ్చే బార్లీ జావ, పిల్లల పాలల్లో కలిపే హార్లిక్స్ గ్లూటెన్ ఉన్నవే. హార్లిక్స్‌లో గోధుమపిండి, మొలకెత్తించిన బార్లీ రెండూ ఉంటాయి. ఫిల్టర్ కాఫీకి, అందులో చికోరీకి అభ్యంతరం లేదు.

అన్నిటికంటే దగ్గరి దారి మలయాళీల దుకాణం. బహ్రెయిన్ భారతీయుల్లో మలయాళీలు పెద్ద భాగం, వాళ్ల పుట్టు పొడి, ఇడియప్పం పిండి బియ్యంతో చేసినవే. గోధుమ పుట్టు పొడి కూడా అదే అరలో ఉంటుంది, అది ఒక్కటి చూసుకోవాలి.

పొయ్యి మీద

ఇడ్లీలో గ్లూటెన్ లేకపోయినా పొంగి దూదిలా నిలబడేది మినప్పప్పు జిగురు వల్ల. పిండి పులిసేటప్పుడు పుట్టే గాలిబుడగలను ఆ జిగురు పట్టి ఉంచుతుంది. బహ్రెయిన్ ఎండాకాలంలో ఆ జిగురుకే ముప్పు. జూలైలో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. వాటితో రుబ్బితే పప్పు వెచ్చబడి పొంగదు. ఫ్రిజ్ నీళ్లతో నానబెట్టి, ఫ్రిజ్ నీళ్లతోనే రుబ్బాలి. 1 గ్లాసు పప్పుకు 2 గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఏసీ లేని వంటింట్లో నాలుగైదు గంటల్లో పులుస్తుంది, రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకు గట్టు దాటి పారుతుంది. ఏసీ గదిలో అదే పిండికి రాత్రంతా కావాలి. జనవరి రాత్రుల్లో ఓవెన్‌లో దీపం మాత్రం వేసి లోపల పెడితే లేస్తుంది.

పులియబెట్టే తీరిక లేనప్పుడు పెసరట్టు. పెసలు 1 కప్పు, బియ్యం 2 చెంచాలు ఐదారు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో కాస్త బరకగా రుబ్బి వెంటనే పోసుకోవచ్చు. చిక్కు పెసరట్టుతో లేదు, దాని మడతలో కూర్చునే ఉప్మాతో ఉంది. బొంబాయి రవ్వ బదులు కొర్రలతోనో బియ్యపు రవ్వతోనో ఉప్మా చేసి పెడితే ఎమ్మెల్యే పెసరట్టు దర్జాకు లోటు రాదు. అల్లం పచ్చడి ఇంట్లో చేసిందైతే మేలు, కొన్న సీసాలో ఇంగువ ఉండవచ్చు.

అతిథికి ఏదైనా ప్రత్యేకంగా చేయాలన్న కోరిక తీరకపోతే ఉప్పుడు పిండి ఉంది. గోదావరి జిల్లాల ఈ పాత వంట హోటళ్లలో దొరకదు, కాబట్టి ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు ఇదే అపురూపం. బియ్యం కడిగి, నీళ్లు వార్చి, గుడ్డ మీద ఆరబెట్టి మిక్సీలో రవ్వగా పట్టాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె, నెయ్యి వేసి ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, మిర్చి, కరివేపాకు వేయించి, 1 కప్పు రవ్వకు 2 కప్పుల నీళ్లు పోసి, గుప్పెడు పెసరపప్పు, ఉప్పు వేయాలి. నీళ్లు తెర్లాక రవ్వ పోసి కలిపి, మూతపెట్టి సన్నటి సెగ మీద వదిలేయాలి. మూత మాటిమాటికీ తీయకూడదు. అడుగున ఎర్రగా కట్టే చెక్క కోసం పిల్లలు పోట్లాడుకుంటారు, ఆ చెక్క రాకపోతే అది ఉప్పుడు పిండే కాదని పెద్దవాళ్లంటారు.

జొన్నరొట్టెకు కిటుకు వేణ్నీళ్లలో ఉంది. జొన్నపిండిలో సాగే జిగురు లేదు కాబట్టి చన్నీళ్లతో కలిపితే విరిగిపోతుంది. మరిగే నీళ్లు పోసి కలిపితే పిండిలోని గంజి ఉడికి అదే జిగురుగా పనిచేస్తుంది. ఆరకముందే అరచేత్తో గట్టిగా మర్దించి, పొడిపిండి చల్లి, కర్రతో కాకుండా చేత్తో తట్టి, పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు రాయాలి. చేయి తిరగనివాళ్లు మొదటిసారి అతిథి ఎదుట ప్రయత్నించకపోవడమే మంచిది. వాళ్లకు సర్వపిండి తేలిక: బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు కలిపి గిన్నెలోనే ఒత్తి కాల్చేస్తే అయిపోతుంది. ఉగ్గానికి అంత కష్టమూ లేదు. బొరుగులు తడిపి పిండి, తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లితే పది నిమిషాలు. అటుకులూ అంతే. చద్దన్నం, పెరుగు, పచ్చిమిరపకాయ పెట్టడానికి మాత్రం అతిథి బాగా సొంతమనిషి కావాలి.

తీపి కావాలంటే బహ్రెయినీల బలాలీత్‌ను అరువు తెచ్చుకోవచ్చు. సేమ్యాను పంచదార, యాలకులు, కుంకుమపువ్వు, పన్నీటితో వండి పైన పలచటి గుడ్డు అట్టు పరిచే పలారం అది. అసలుది గోధుమ సేమ్యా, దాని బదులు బియ్యపు సేమ్యా వేస్తే రుచి పెద్దగా మారదు. ఒక్కటే తేడా, బియ్యపు సేమ్యా ఎక్కువ ఉడికితే ముద్దయిపోతుంది.

బయటికి వెళ్తే

శుక్రవారం పొద్దున్న అతిథిని మనామాలోనో ముహర్రఖ్‌లోనో స్థానిక పలారానికి తీసుకెళ్లడం ఒక సరదా. అక్కడ ఉడికించిన శనగల నఖీ, టమాటా గుడ్లు సూత్రప్రాయంగా పనికొస్తాయి, అన్నీ ఖుబ్జ్‌తో తినేవే అన్నది చిక్కు. పెద్ద చిక్కుళ్ల బజేల్లా కూడా గోధుమ లేనిదే. అయితే బహ్రెయిన్‌లో చాలామందిలో ఉండే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న అతిథికి అదే ప్రమాదం, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. రంజాన్ రోజుల హరీస్‌లోనూ, హైదరాబాదీ హలీమ్‌లోనూ గోధుమ ఉడికి కరిగిపోయి ఉంటుంది, కంటికి కనిపించదు. భారతీయ హోటళ్లలో దోసె తిందామంటే, మైదా పరోటా కాలే పెనం మీదే దోసె పోస్తారు. రవ్వ దోసెలో పిండే గోధుమ. గట్టిగా పడనివాళ్లకు హోటల్లో ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ, కొబ్బరి పచ్చడి వరకే నమ్మకం, ఆ పచ్చడి కూడా తాలింపు లేకుండా అడగాలి.

ఎంత చూసుకున్నా ఒక్కోసారి పొరపాటున గోధుమ కడుపులోకి పోతుంది. దాచకుండా అతిథికి వెంటనే చెప్పాలి, ఎందుకంటే సీలియాక్ ఉన్నవాళ్లకు కడుపునొప్పి, వాంతులు గంటల తర్వాత మొదలుకావచ్చు, అప్పటికి వాళ్లు వంతెన మీద కారు నడుపుతూ ఉండవచ్చు. ఇందుకు విరుగుడు మందు లేదు. నీళ్లు తాగుతూ విశ్రాంతి తీసుకోవాలి, బాధ ఆగకపోతే డాక్టరును చూడాలి. గోధుమ ఎలర్జీ ఉన్నవాళ్ల సంగతి అలా కాదు. పెదవులో నాలుకో వాచినా, ఊపిరి బిగిసినా వాళ్ల దగ్గర అడ్రినలిన్ సూది ఉంటే వెంటనే వాడాలి, బహ్రెయిన్‌లో అంబులెన్సుకు 999కి ఫోను చేయాలి.